నూట అరవై ఎనిమిదో మెట్టు

కొండవాలు పేటలో ఇల్లు కొంటానని అక్క పట్టుబట్టిందని తెలిసిన రోజున తమ్ముడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇరవై ఆరేళ్ళుగా మనుషులకు మెట్లెక్కే బాధ తప్పించడమే అతని వృత్తి. అటువంటివాడి సొంత అక్క రెండువందల నలభై మెట్ల దారిలో ఇల్లు వెతుక్కోవడం తన వృత్తికే తలవంపులని అతని అభిప్రాయం.

"ఊరంతా లిఫ్టు ఎక్కుతుంటే నువ్వు మెట్లు కొనుక్కుంటావా అక్కా? మోకాళ్ళ డాక్టరు ఎవరైనా నీకు కమీషను ఇస్తున్నాడా?"

"మెట్లు ఎవడూ కొనక్కర్లేదురా. అవి అందరివీ. నేను కొనేది వాటి పక్కనున్న ఇల్లు."

ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ కొండమీద ఉత్తరాలు పంచి, ఏడాది కిందట ఉద్యోగ విరమణ చేసిన ఆమె అందరికీ పోస్టమ్మే. పెళ్ళి చేసుకోలేదు. ఏడు అద్దెగదులు మారి, చివరకు తమ్ముడి ఇంటి వెనక గదికి చేరింది. తమ్ముడు మంచివాడు, మరదలు అంతకంటె మంచిది. అయినా ఆ గదిలో గోడకు ఒక మేకు కొట్టుకోవాలంటే, "కొట్టుకోనా అమ్మా?" అని మరదలిని అడగవలసి వచ్చేది. మరదలు ఎన్నడూ కాదనలేదు. కాని అడగవలసి రావడమే పోస్టమ్మకు గొంతులో ముల్లు. అరవై దాటాక పుట్టిన కోరిక కాదది. ముప్పయ్యో ఏటినుంచి వాయిదా పడుతూ వచ్చిన కోరిక.

కొండ దిగువన పోస్టాఫీసు, కొండపైన కారు రోడ్డు, ఆ రోడ్డు చివర పెద్ద ఆసుపత్రి. దిగువనూ ఎగువనూ నేరుగా కలిపేది ఆ మెట్ల దారి ఒక్కటే. దానికి ఇరువైపులా ఉన్న ఇళ్ళకు వీధి పేరు లేదు, నంబరు లేదు. మెట్టే చిరునామా. ముప్పై తొమ్మిదో మెట్టు, కుడివైపు. నూట రెండో మెట్టు, ఎడమవైపు, నీలం తలుపు. ఉత్తరాలు కిందినుంచి పైకి వెళ్ళేవి కనుక లెక్క కిందినుంచే, కుడి ఎడమలు ఎక్కే మనిషివే. ఈ సంగతి అక్కడ పుట్టిన పిల్లలకు అఆలకంటె ముందే తెలుసు. పోస్టమ్మకైతే ఏ మెట్టు అంచు విరిగిందో, ఏ మెట్టు వాన పడితే జారుతుందో కూడా తెలుసు.

ఆమె కోరుకున్న ఇల్లు నూట అరవై ఎనిమిదో మెట్టు దగ్గర ఎడమవైపున ఉన్నది. పళ్ళ డాక్టరుగారిది. ఆ ఇంటికి రెండు అంతస్తులు, రెండు ముఖాలు. పై అంతస్తు, కారు రోడ్డునుంచి వంపు తిరిగి కిందికి దిగే పాయ మీదకు తెరుచుకుంటుంది. దానికి వసారా, కారు నిలిపే చోటు, పూలకుండీలు. కింది అంతస్తు సగం కొండరాతిలోకి తొలిచి కట్టినది. రెండు గదులు, ఒక వంటగది, మెట్ల మీదకు తెరుచుకునే ఒక తలుపు. రెండు అంతస్తులనూ కలిపే మెట్లు ఇంటి లోపల లేవు. కట్టినవాడు మరచిపోయాడో, అక్కర్లేదనుకున్నాడో ఎవరికీ తెలియదు.

ఇల్లు చూడడానికి తమ్ముణ్ణి వెంట తీసుకువెళ్ళింది. డాక్టరుగారు కింది తలుపు తీయగానే తమ్ముడు ఒక అడుగు వెనక్కు వేశాడు. గోడ పొడుగునా అరల నిండా సున్నపు పళ్ళసెట్లు వరుసగా ఇకిలిస్తున్నాయి. నలభై ఏళ్ళుగా వచ్చిన రోగుల నోళ్ళ అచ్చులవి.

"పడేయడానికి మనసు రాలేదండీ," అన్నాడు డాక్టరుగారు.

"ఉండనివ్వండి," అన్నాడు తమ్ముడు. "మా అక్క ఇల్లు కొంటానంటే నవ్వేవాళ్ళు తక్కువయ్యారు."

తమ్ముడు గోడలు తట్టి చూశాడు, చెమ్మ కోసం మూలలు గీకి చూశాడు. పోస్టమ్మ మాత్రం కిటికీ దగ్గర నిలబడింది. ఊరంతా కాళ్ళ కింద పరచుకొని ఉన్నది. ఇన్నేళ్ళూ బయట మెట్టుమీద ఆయాసం తీర్చుకుంటూ చూసిన దృశ్యాన్ని ఇంటి లోపలినుంచి చూడడం అదే మొదటిసారి.

"మీరు ఎన్నేళ్ళుగానో తెలిసినవారు," అన్నాడు డాక్టరుగారు. "మొత్తం ఇల్లు, రెండు అంతస్తులూ, చెప్పిన ధరలో నాలుగో వంతు తగ్గించి ఇస్తాను."

ఆ తగ్గింపుతో ఇల్లు ఆమెకు సరిగ్గా అందుతుంది. తగ్గింపు లేకపోతే అందదు. ఆ ముక్క ముగ్గురికీ తెలుసు.

"అంత దయ ఎందుకండీ?" అన్నది పోస్టమ్మ.

డాక్టరుగారు గొంతు సవరించుకున్నాడు. "దయ కాదమ్మా. పై రోడ్డు సంఘం వాళ్ళ మాట. ఆ తేడా వాళ్ళు నాకు కట్టిస్తారు. మీరు చేయాల్సిందల్లా చిన్న సంతకం ఒకటి."

సంఘం వారి కాగితాన్ని ఆమె కిటికీ వెలుతురులో చదివింది. మెట్ల దారికి అడ్డంగా ఇనుప గేటు పెట్టి తాళం వేయడానికి ఇంటి యజమాని సమ్మతి. దారి పొడుగునా ఇరుకైనది ఆ ఒక్క చోటే. ఒక పక్క ఈ ఇంటి గోడ, మరో పక్క నిట్టనిలువు బండ. ఆ పెళుసు బండకు గేటు బరువు ఆగదు, కమ్మీలు గోడకే దిగాలి. మెట్లు అందరివే అయినా గోడ యజమానిది. గోడవారు ఒప్పుకుంటే మునిసిపాలిటీ చూసీ చూడనట్టు ఊరుకుంటుందని సంఘం సెక్రటరీ అప్పటికే వాకబు చేసి ఉంచాడట.

"మరి దిగువవాళ్ళో?"

"చుట్టు రోడ్డు ఉందిగా."

చుట్టు రోడ్డు అంటే కొండ చుట్టూ తిరిగి ముప్పావుగంట నడక. మెట్లమీద అయితే పది నిమిషాలు.

అప్పుడామె చూపు కాగితం మధ్యలో ఒక వాక్యం మీద ఆగింది. 'డెబ్బై మూడో మెట్టు వద్ద, కుడివైపు గోడకు గేటు బిగించుటకు.'

ఆమెకు వెంటనే అర్థమయింది. పై రోడ్డువాళ్ళు కారులో వస్తారు, కారులో పోతారు. మెట్లు తొక్కితే ఏ సాయంత్రమో సరదాగా నాలుగడుగులు దిగడానికే. అందుకని పైనుంచి కిందికి లెక్కపెట్టారు. పైనుంచి లెక్కిస్తే డాక్టరుగారి ఇల్లు డెబ్బై మూడో మెట్టే, దిగేవాడికి కుడివైపే. కాని ఆ ఊళ్ళో ఏ రిజిస్టరులో చూసినా, ఏ పన్ను రసీదులో చూసినా డెబ్బై మూడో మెట్టు కుడివైపు అంటే ఒక్కటే ఇల్లు. ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఉండే ఒంటిగది అది. ఆ గోడమీద డాక్టరుగారికి గాని, రేపు ఈ ఇల్లు కొన్నవారికి గాని ఏ అధికారమూ లేదు. ఈ కాగితం మీద ఎన్ని సంతకాలు పెట్టినా అది చిత్తు కాగితమే.

పోస్టమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నది. "రెండు రోజులు గడువివ్వండి," అన్నది. తప్పు సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తనను తాను అడగడానికి కూడా ఆమె ఇష్టపడలేదు.

తమ్ముడు పనిమీద పై రోడ్డున వెళ్ళిపోయాడు. ఆమె ఒక్కతే మెట్లు దిగుతుండగా నర్సు ఎదురైంది. డ్యూటీకి ఎక్కుతున్నది. చేతిలో టిఫిను డబ్బా, చంకలో గొడుగు. నూట పదో మెట్టుమీద ఇద్దరూ చతికిలబడ్డారు.

"ఏం పోస్టమ్మా, ఇల్లు నచ్చిందా? పైవాళ్ళలో కలిసిపోతున్నావటగా?"

"ఎవరు చెప్పారే?"

"ఇక్కడ ఎవరింట్లో పాలు పొంగినా అందరికీ తెలుస్తుంది. గేటు సంగతీ తెలుసు. టేపు పట్టుకుని ఇద్దరు కొలిచి వెళ్ళారు." నర్సు డబ్బా మూత బిగించి మళ్ళీ తీసింది. "మా వార్డులో ఎనిమిదికి నిమిషం లేటైతే ఆ రోజు సగం జీతం కోత. ముప్పావుగంట చుట్టు నడక అంటే నేను తెల్లారకముందే లేవాలి. మా వీధి ముసలాయన వారానికి మూడుసార్లు ఆసుపత్రికి ఎక్కుతాడు, తెలుసుగా? చుట్టు రోడ్డున అయితే ఆయన్ని మంచమ్మీద మోసుకురావాల్సిందే."

పోస్టమ్మ సంచిలోని కాగితాన్ని తడిమి చూసుకున్నది.

"నువ్వు పెట్టకపోయినా ఇంకొకడు పెడతాడులే సంతకం," అని నర్సు లేచి గొడుగు సర్దుకున్నది. "పెట్టేదైతే నువ్వే పెట్టు. మా దారి మూసింది పరాయివాళ్ళు కాదు, మన పోస్టమ్మే అని చెప్పుకుంటాం."

చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. ఆ కాగితం ఉత్తదేనని, అందులో రాసి ఉన్నది నీ గోడేనని చెప్పడానికి పోస్టమ్మ నోరు తెరిచింది. కాని నర్సు అప్పటికే పది మెట్లు పైన ఉన్నది. డ్యూటీకి వెళ్ళే మనిషిని వెనక్కు పిలవడం ఆమెకు అలవాటు లేదు.

మధ్యాహ్నం తమ్ముడు ఇంటికి రాగానే అతనికి అంతా చెప్పింది. అతను స్క్రూడ్రైవరు కింద పెట్టి రెండుసార్లు కాగితం చదివాడు. చదివి తొడ చరిచాడు.

"ఇంకేంటక్కా ఆలోచన! పెట్టెయ్ సంతకం. కాగితం చెల్లదు, ఇల్లు మాత్రం నీది అవుతుంది. తవ్వుకున్న గోతిలో వాళ్ళే పడ్డారు. నువ్వు చెయ్యి కూడా వెయ్యక్కర్లేదు."

"రేపు తప్పు తెలుసుకుని మళ్ళీ వస్తే?"

"రానీ. అప్పటికి రిజిస్ట్రేషను అయిపోతుంది. 'నేను ఒప్పుకున్నది డెబ్బై మూడో మెట్టు, వెళ్ళి అక్కడ పెట్టుకోండి' అను."

"అక్కడ నర్సు ఉందిరా. వాళ్ళు నిజంగానే వెళ్ళి ఆమె గోడకు కమ్మీలు దింపితే? చేతిలో కాగితం, దాని మీద నా సంతకం."

తమ్ముడు కాగితాన్ని అక్క చేతికి తిరిగి ఇచ్చాడు. "అంత తెలివితక్కువవాళ్ళు కారులే."

"మెట్లు లెక్కపెట్టడం చేతకానివాళ్ళురా వాళ్ళు."

మరదలు పకపక నవ్వింది. తమ్ముడికి మాత్రం ఒళ్ళు మండింది. "నీకోసమే కదా చెప్తున్నాను! ముప్పై ఏళ్ళు కొండెక్కి దిగి మోకాళ్ళు అరగదీసుకున్నావు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నీ పనీ చూసుకో. ఎవరిని మోసం చేస్తున్నావని? మోసగాళ్ళని. అందులో పాపమేముంది?"

అతని మాటలో ప్రేమ ఉన్నది, అందుకే అది బరువుగా తగిలింది. ఆ సాయంత్రమంతా పోస్టమ్మ వెనక గదిలో ఒంటరిగా కూర్చున్నది. ఇల్లు కావాలి. ఇంత తేలికగా మరి దొరకదు. అబద్ధమాడనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. కాని ఊరుకోవడమంటే ఏమిటో ఆమె ఉద్యోగమే ఆమెకు నేర్పింది. తప్పు చిరునామాతో వచ్చిన ఉత్తరాలు ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో వేలకు వేలు. కొన్ని తిప్పి పంపింది, కొన్నింటికి సరైన ఇల్లు వెతికి పెట్టింది. తప్పని తెలిసి తెలిసి ఒక్క ఉత్తరాన్ని కూడా పరాయి గుమ్మంలో వేసి తన దారిన తాను పోలేదు. ఈ కాగితం నర్సు గుమ్మానికి చేరే ఉత్తరమే.

ఇంకొకటి ఉన్నది. వాళ్ళ పొరపాటు చాటున దాక్కొని గెలిస్తే, గేటు పెట్టడం అన్యాయమన్న మాట ఎవరూ అననట్టే మిగిలిపోతుంది. మెట్టు లెక్క తప్పింది అన్న మాట ఒక్కటే మిగులుతుంది. లెక్క సరిచేసుకొని వాళ్ళు రేపు మరో కాగితం పట్టుకొస్తారు. ఎవరో ఒకరు వాళ్ళ ముఖం మీద 'ఇది అన్యాయం' అని చెప్పాలి. ఆ మాటకు ఇల్లు పోతే పోనీ.

మూడో రోజు ఉదయం సంఘం హాలులో సమావేశం. తమ్ముడు కూడా వచ్చాడు, మూతి ముడుచుకునే వచ్చాడు. పదిహేనుమంది కుర్చీలలో ఉన్నారు. సెక్రటరీ మైకు లేకపోయినా మైకు ముందున్నట్టే మాట్లాడే మనిషి. ఆమె రాగానే కలం మూత తీసి అందించాడు.

"రండమ్మా, రండి. మన సంఘానికి స్వాగతం. ఇక్కడ, ఈ చుక్కల గీత మీద."

"కలం తర్వాత," అన్నది పోస్టమ్మ. "ముందు ఈ కాగితంలో తప్పుంది. డెబ్బై మూడో మెట్టు కుడివైపు అంటే డాక్టరుగారి ఇల్లు కాదు. నర్సు ఇల్లు. మీరు పైనుంచి లెక్కపెట్టారు. ఊరు కిందినుంచి లెక్కపెడుతుంది. డాక్టరుగారిది నూట అరవై ఎనిమిదో మెట్టు, ఎడమవైపు. కావాలంటే ఆయన పన్ను రసీదు చూడండి."

హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరుగారు జేబులోంచి రసీదు తీసి, కళ్ళద్దాలు సవరించుకొని, తల ఊపాడు. సెక్రటరీ ముఖం కందగడ్డ అయింది. అయినా తేరుకొని చేతులు జోడించాడు.

"చాలా మేలు చేశారమ్మా. రేపు కోర్టుకెళ్ళినా నవ్వులపాలయ్యేవాళ్ళం. అరగంటలో కొత్త కాగితం టైపు చేయిస్తాను, సంతకం పెట్టేసి వెళ్దురు గాని."

"తప్పు చూపించాను గాని సంతకం పెడతానని అనలేదు. కొత్త కాగితం మీద కూడా పెట్టను."

సెక్రటరీ కలం గాలిలో ఆగిపోయింది. "పెట్టరా? మరి ఎందుకు చెప్పారు? నోరు మూసుకుని సంతకం పెట్టేసి ఉంటే ఇల్లు మీ చేతికొచ్చేది, మా కాగితం గంగలో కలిసేది!"

"కలిసేదే. ఆ ముక్క నాకు మూడు రోజులుగా తెలుసు. మీ పొరపాటు చాటున దాక్కుని గెలవడం నాకు ఇష్టం లేదు. గేటు పెట్టకూడదు. ఎందుకు పెట్టకూడదో మీ ముఖం మీద చెప్పి వెళ్దామని వచ్చాను."

"చూడండమ్మా, ఇది భద్రత విషయం," ముందు వరుసలో ఒకావిడ అందుకున్నది. "ఆ మెట్లమీద ఎవరెవరో వస్తుంటారు."

"ఎవరెవరో కాదు. నేను చెప్తాను వినండి. పొద్దున ఆరింటికి మీ ఇంట్లో వంట చేసే ఆవిడ వస్తుంది, యాభయ్యో మెట్టు. ఏడింటికి మీ మామగారికి ఒళ్ళు తుడిచే అబ్బాయి వస్తాడు, తొంభై ఒకటి. మీ అందరికీ జ్వరం వస్తే చెయ్యి పట్టుకునే నర్సు డెబ్బై మూడు. వాళ్ళు కావాలి గాని వాళ్ళ దారి వద్దా?"

"పాసులు ఇస్తాం," అన్నాడు సెక్రటరీ. "పనివాళ్ళకి పాసులు ఇస్తాం."

"వాళ్ళు పుట్టినప్పటినుంచి నడుస్తున్న దారికి మీరు పాసు ఇస్తారా? మీకెవరిచ్చారండీ ఇచ్చే అధికారం? ఆ రాళ్ళు మోసింది వాళ్ళ తాతలు. మీరు కనీసం లెక్కపెట్టను కూడా లేదు, తలకిందులుగా తప్ప."

ఈసారి వెనక వరుసలో పైకే నవ్వారు. డాక్టరుగారు లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మీ మాట మీది. కాని సంతకం లేకపోతే తగ్గింపు లేదు. పూర్తి ధర. అది మీకు కుదరదని నాకు తెలుసు."

"కుదరదు," అన్నది పోస్టమ్మ. నిజానికి ఆమె అంతటితో లేచి వెళ్ళిపోదామనే వచ్చింది. ఇంటిని వదులుకోవడానికి రాత్రే సిద్ధపడింది. కాని వదులుకుంటున్నదేమిటో మనసులో మరొకసారి చూసుకున్నప్పుడు, కారు వసారా కనపడలేదు, పూలకుండీలు కనపడలేదు. రాతిలోకి తొలిచిన రెండు గదులే కనపడ్డాయి. "డాక్టరుగారూ, పై అంతస్తు నాకు అక్కర్లేదు. నాకు కారు లేదు, రోడ్డుతో పనిలేదు. కింది అంతస్తు ఒక్కటే అమ్ముతారా? దానికి న్యాయమైన ధర ఎంతో అంతా ఇస్తాను. రూపాయి తగ్గించొద్దు."

డాక్టరుగారు చేతిలోని పన్ను రసీదును మరోసారి చూసుకున్నాడు.

సెక్రటరీకి ముందుగా వెలిగింది. "డాక్టరుగారూ! కింది అంతస్తు అంటే ఆ గోడ కూడా అటే పోతుంది! వద్దు! ఒప్పుకోవద్దు!"

"ఎందుకొద్దు?" అన్నాడు డాక్టరుగారు మెల్లగా. "ఎనిమిది నెలలుగా ఎంతమంది వచ్చారు? పై అంతస్తు చూసి మురిసిపోవడం, కింది గదులు చూసి ఈ గోడౌను మాకెందుకని జారుకోవడం. ఆ గోడౌనే ఈవిడ కావాలంటోంది. అది పోతే పై అంతస్తు వారంలో అమ్ముడుపోతుంది."

"మరి గేటు?"

"గేటు మీది. ఇల్లు నాది. అంత కావాలంటే సంఘం తరఫున కింది గదులు మీరే కొనండి. ఇప్పుడే. నాకేం అభ్యంతరం లేదు."

సెక్రటరీ కుర్చీలవైపు తిరిగాడు. పదిహేనుమందిలో ఒకరు గోడ గడియారాన్ని, ఒకరు చెప్పులను, ఒకరు కిటికీని చూస్తున్నారు. తమ్ముడు మాత్రం అక్కను చూస్తున్నాడు. అతని ముడుచుకున్న మూతి ఎప్పుడు విచ్చుకుందో అతనికే తెలియదు.

"పళ్ళసెట్లు తీసేస్తారా, అవి కూడా ధరలో కలుస్తాయా?" అని అడిగాడు డాక్టరుగారిని.

పక్షం తిరక్కముందే రిజిస్ట్రారు కార్యాలయంలో కాగితాలు సిద్ధమయ్యాయి. గుమాస్తా సరిహద్దులు చదివి వినిపించాడు. పడమర కొండరాయి, ఉత్తరాన పొరుగు ప్రహరీ, దక్షిణాన ఖాళీ వాలు, తూర్పున ప్రజల మెట్ల దారి. ఇంకేమైనా చేర్చాలా అని అడిగాడు.

"చేర్చాలి," అన్నది పోస్టమ్మ. "రాయండి. తూర్పు గోడకు మెట్ల దారికి అడ్డంగా గేటు గాని, కమ్మీ గాని, గొలుసు గాని ఎప్పటికీ బిగించరాదు. నేను బిగించరాదు. నా తర్వాత ఈ ఇల్లు ఎవరి చేతికి వచ్చినా వాళ్ళూ బిగించరాదు."

గుమాస్తా కలం ఆపి ఆమెను ఎగాదిగా చూశాడు. "కొనేటప్పుడు ఇలాంటి షరతు ఎవరూ రాయించుకోరమ్మా. మీ చేతులు మీరే కట్టేసుకోవడం. రేపు అమ్మాలంటే ధర పడిపోతుంది."

"పడనీ."

తమ్ముడు ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "అక్కా, ఒక్క మాట. నీకు పిల్లాపాపలు లేరు. నీ తర్వాత ఈ ఇల్లు నా చేతికే కదా వచ్చేది?"

"అందుకే రాయిస్తున్నాను," అన్నది పోస్టమ్మ. గుమాస్తా వైపు తిరిగి, "గొలుసు గాని అన్నాక 'తాడు గాని' అని కూడా రాయండి," అన్నది.